పదునెంత?

పోచంపల్లి అయివారి స్మారకోపన్యాసం: అచ్చు పాఠం

 

ఆదివారం, సంత రోజున, పోచంపల్లిలో సభ పెడితే మాట్లాడేవాడు మేకలతో పోటీ పడాలి. మైకు పెట్టినా మేకే గెలుస్తుంది. అయినా సభంటూ పెడితే ఆదివారమే పెట్టమని అయివారు చెప్పి పోయారట. జనం ఉన్నచోటికి మనం పోయి మాట్లాడాలిగాని మనం ఉన్నచోటికి జనాన్ని రప్పించకూడదన్నది ఆయన పట్టుదల. ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రికలో ఉంది. నేను పలకను. ఆయన్ను పేరు పెట్టి పిలిచిన శిష్యుడు ఈ తాలూకాలో లేడు.

బయటి ఊళ్లలో పోచంపల్లి నుంచి వచ్చానంటే చీర తెచ్చావా అని అడుగుతారు. అది తెలంగాణ పోచంపల్లి అండీ, మాది కృష్ణగిరి జిల్లా పోచంపల్లి, మా దగ్గర కొబ్బరికాయ ఉంది, మామిడికాయ ఉంది, సంత ఉంది అని చెప్పుకోవాలి. ఈ నాలుగైదేళ్లుగా ఇంకోటి చేరింది: కరెంటు స్కూటరు. దాని సంగతికి తర్వాత వస్తాను.

మా ఆరో తరగతిలో అయివారు చేయించిన మొదటి పని వానడబ్బా. నిలువు గోడలున్న పాలపొడి డబ్బా ఒకటి, వెదురుపుల్ల ఒకటి. పుల్లమీద బ్లేడుతో మిల్లీమీటరు గీతలు. డబ్బాను చెట్టుకూ గోడకూ దూరంగా ఇటుకల మధ్య నిలబెట్టాలి. పొద్దున ఎనిమిదిన్నరకు పుల్ల ముంచి, తడి ఎంతదాకా ఎక్కిందో చదివి రాయాలి. ఎనిమిదిన్నరే ఎందుకు సార్ అంటే, దేశమంతా వాతావరణ శాఖవాళ్లు ఆ వేళకే చూస్తారు, మనం ఏడింటికి చూస్తే మన లెక్క వాళ్ల లెక్కతో కలవదు అనేవారు. రాత్రి బాగా పడింది సార్ అని ఎవడైనా అన్నాడో, అయిపోయాడే. “బాగా అంటే ఎంత?”

మా తాతలకు ఈ మిల్లీమీటర్లు వేళాకోళం. వాళ్ల కొలత పదును. దుక్కికి చాలుతుందా, విత్తనానికి చాలుతుందా, బెత్తెడు తడిసిందా, జానెడు దిగిందా. అయివారు ఆ కొలతను తక్కువ చేయలేదు. తాత చెప్పిన పదును ఒక గడిలో, డబ్బా చెప్పిన మిల్లీమీటర్లు పక్క గడిలో రాయించారు. రెండూ కలవని రోజు ఆయనకు పండగ. ఎండి గట్టిపడ్డ నేలమీద అరగంటలో దంచి పారిపోయిన వాన డబ్బాలో ఘనంగా కనిపిస్తుంది, చేలో చూస్తే రెండువేళ్ల తడి. అదే వాన నాలుగు రోజులు ముసురుపడితే జానెడు దిగుతుంది. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఈ రెండు గడుల మధ్య ఉన్న తేడా గురించే.

ఆయన పోయాక ఇంట్లో ఒక నోటుబుక్కు దొరికింది. సంతలో తనను జనం అడిగిన ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకున్నారు. కింద జవాబు కోసం నాలుగు గీతలు వదిలారు. కొన్ని నిండాయి, కొన్ని ఖాళీ. ఆయన రాసి ఉండేంత పొదుపుగా నేను చెప్పలేను, అయినా ప్రయత్నిస్తాను.

మొదటిది ఒక తోపు రైతుది. “మా చెట్టు పూయకపోవడానికీ అమెరికావాడి కారుకూ సంబంధమేంది అయివారూ?”

చెట్టు దగ్గర మొదలుపెడదాం. మామిడికి కార్తీక మార్గశిరాల్లో చలి కావాలి. కొన్ని వారాలపాటు రాత్రులు 20 డిగ్రీలకు దిగువన గడిస్తే కొమ్మ చివరి మొగ్గ ఆకు వైపు పోకుండా పూత వైపు తిరుగుతుంది. నేల కూడా కాస్త బెట్టకు రావాలి. రాత్రి వెచ్చగా, నేల తడిగా ఉంటే చెట్టు చిగురేస్తుంది. దారిన పోయేవాడికి తోపు కళకళలాడుతూ కనిపిస్తుంది. దాన్ని గుత్తకు తీసుకున్నవాడికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

పూత వచ్చినా గండం గడవదు. సంక్రాంతి దాటాక మబ్బు పట్టి తుంపర పడిందంటే తేనెమంచు పురుగు దిగుతుంది. ఆ రోజుల్లో పూతగెల కింద తెల్ల తుండుగుడ్డ పరిచి కొమ్మను ఒకసారి తట్టి చూడండి. నువ్వుగింజకంటే కాస్త పెద్దవి, బూడిదరంగువి, టపటపమని రాలి అడ్డంగా నడుస్తాయి, పట్టుకోబోతే ఎగురుతాయి. ఆకు వేలికి అంటుకుంటుంది, ఎండలో నూనె రాసినట్టు మెరుస్తుంది. కొన్నాళ్లకు ఆ జిగటమీద నల్లటి మసి. మందు కొట్టిన మర్నాడే ఇంకో తుంపర పడితే ఆ డబ్బు నీళ్లపాలు, మళ్లీ కొట్టాలి. 2024 వేసవిలో ఇంకో బాధ: నీళ్లు లేక చెట్లే ఎండుతుంటే ట్యాంకర్లు తోలుకుని పోసుకున్నారు.

అనపకాయ సంగతీ అంతే. దానికి మంచు తగలాలి. మంచు లేని ఏడాది అనపకాయ కూర రుచి మన మొరసునాడు వాళ్లకు వేరే చెప్పాలా!

ఇప్పుడు అమెరికావాడి కారు. భూమి చుట్టూ ఉన్న గాలిలో బొగ్గుపులుసు గాలి, అదే కార్బన్ డయాక్సైడు, ఫ్యాక్టరీల కాలానికి ముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లు ఉండేది. 1958లో హవాయి ద్వీపంలో మౌనాలోవా కొండమీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. 2024కు 420 దాటింది. ఆ కొండమీద అరవై ఏళ్లకు పైగా ఎవరో ఒకరు ఆ డబ్బా చూస్తూనే ఉన్నారు, అయివారికి కీలింగ్ అంటే అందుకే అంత ప్రాణం. పది లక్షల్లో నాలుగువందలు ఏపాటి అని నోటుబుక్కులో ఒకాయన అడిగాడు. దాని కింద అయివారి జవాబు ఒక్క మాట: “తోడు.” కడివెడు పాలకు ఎంత తోడు వేస్తాం? పోలిక పూర్తిగా అతకదనుకోండి. తోడు పాలలో దానంతటదే పెరుగుతుంది, ఈ గాలిని మనం పనిగట్టుకుని పెంచుతున్నాం. కానీ కొంచెమే గదా అని కొట్టిపారేయడానికి లేదన్నంతవరకు పోలిక నిలుస్తుంది. ఈ గాలి వేడిని పట్టి ఉంచుతుందని 1856లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాలూ ఉష్ణమాపకాలూ పెట్టి చూపించింది. కొత్త శాస్త్రమేం కాదు.

ఆ గాలికి ఊరూ వాడా లేదు. డెట్రాయిట్‌లో వదిలినా హోసూరులో వదిలినా ఏడాది తిరిగేసరికి ప్రపంచమంతా కలిసిపోతుంది. అయితే ఎవరు ఎంత వదిలారన్న లెక్క మాత్రం కలిసిపోదు. తలకు ఏడాదికి అమెరికావాడిది సుమారు 14 టన్నులు, మనది సుమారు 2. పాత బాకీ చూస్తే, 1850 నుంచి బొగ్గూ చమురూ కాల్చి లోకం వదిలినదాంట్లో నాలుగోవంతు దాకా అమెరికా ఒక్కదానిదే. తోపు రైతు తమాషాకు అడిగాడో కడుపుమండి అడిగాడోగాని, మంచి ప్రశ్న అడిగాడు.

2024లో భూమి సగటు వేడి పాతకాలంకంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఒకటిన్నర డిగ్రీకి ఇంత గోలా అని నాకూ ఒకప్పుడు అనిపించింది. సగటుతో వచ్చే చిక్కు అది. ఇవాళ సంతలో అమ్మిన మేకనూ కొత్తిమీర కట్టనూ కలిపి సగటు ధర కట్టి చెప్తే మేక కొనేవాడికీ పనికిరాదు, కొత్తిమీర కొనేవాడికీ పనికిరాదు. భూమి సగటులో సముద్రముంది, ధ్రువాల మంచుంది, మార్గశిర మాసపు రాత్రి మూడింటికి మన తోపులో ఉన్న చలీ ఉంది. మామిడి మొగ్గకు కావలసింది ఆ చివరిది ఒక్కటే.

నోటుబుక్కులో ఒక పెద్దాయన ప్రశ్న ఉంది, కాస్త ఎకసెక్కంగా: “ధాత కరువు నాడు కార్లున్నాయా?”

లేవు. ధాత కరువు 1876లో మొదలై మూడేళ్లు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పిచేసింది. అప్పటి సేలం జిల్లాలోనే ఉన్నాం మనం. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కి మన రుతుపవనాన్ని దెబ్బతీసే ఎల్‌నినో అప్పుడూ వచ్చింది. వానలు తప్పాయి, తెల్లదొరలు ధాన్యం ఎగుమతి ఆపలేదు, లక్షలమంది పోయారు. కరువులూ వరదలూ ఎప్పుడూ ఉన్నాయని పెద్దాయన అనడం నూటికి నూరుపాళ్లు నిజం. ఎల్‌నినో 2023లో మళ్లీ వచ్చింది. ఈసారి ముందే వేడెక్కి ఉన్న భూమిమీదకు వచ్చింది. జ్వరం ఉన్నవాడిని ఎండలో నడిపించినట్టు. ఇంకోమాట: ధాత కరువులో జనాన్ని చంపింది వాన తప్పడం ఒక్కటే కాదని పెద్దాయన మరిచిపోకూడదు, మనమూ మరిచిపోకూడదు.

ఆ ముక్క మన జిల్లాలోని ఊత్తంగరై వరద దగ్గర పనికొస్తుంది.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. దాటినట్టే దాటి అక్కడే కొన్ని గంటలు కదలకుండా కూర్చుంది. తర్వాత బలం తగ్గి, పడమటికి మనమీదికి వచ్చింది. సముద్రానికి ఇంతదూరంలో ఉన్న మనకు తుపానంటే టీవీలో చూసేది. డిసెంబరు 2 పొద్దున ఎనిమిదిన్నర లెక్క: ఊత్తంగరైలో ఒక్కరోజు వాన 503 మిల్లీమీటర్లు. మన జిల్లాకు ఏడాదంతా కలిపి పడేది ఎనిమిదివందల పైచిలుకు. బస్టాండు దగ్గర నిలిపిన వ్యానులూ కార్లూ నీళ్లలో కొట్టుకుపోవడం దేశమంతా చూసింది.

503 అంటే ఎంత? అయివారు నోటుబుక్కులో ఈ లెక్క చేసి పెట్టారు. ఎకరంమీద అంత వాన పడితే ఇరవై లక్షల లీటర్లు. పన్నెండువేల లీటర్ల ట్యాంకర్లయితే 170. అదే ఏడాది వేసవిలో తోపుకు ఒక్కో ట్యాంకరు బేరమాడి తెచ్చుకున్న జిల్లామీద డిసెంబరులో ఆకాశం ఎకరాకు 170 ట్యాంకర్లు కుమ్మరించింది. పదునుకు మిగిలింది ఎంత? ఆ గడి ఆయన ఖాళీగా వదిలారు.

ఇది వాతావరణ మార్పు వల్లే వచ్చిందా అని అడిగితే, ఒక్క తుపానును పట్టుకుని దీనికి తండ్రి ఫలానా అని చెప్పలేం. చెప్పగలిగింది వేరే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం దాకా ఎక్కువ తేమ మోయగలదు. బంగాళాఖాతం వేడెక్కుతోంది. మోసిన నీళ్లు ఎక్కడో ఒకచోట దింపాలి. అందుకని అప్పుడప్పుడూ మెల్లగా పడే పదును వానలు తగ్గి, ఒక్కపెట్టున పడే పారుడు వానలు పెరుగుతాయి. ఏడాది మొత్తం చూస్తే అంతే కనిపించవచ్చు, చేను మాత్రం ఎండుతుంది. ఆకాశం చేసే పని ఇంతవరకు. నీళ్లు పోవలసిన వాగును ఇళ్లకు ప్లాట్లు వేసిందీ, ఏరి (చెరువు) కట్టను పట్టించుకోనిదీ ఆకాశం కాదు.

మన పూర్వులకు ఈ పారుడు వాన తెలుసు కాబట్టే ఏరిలు కట్టారు. పైఏరి నిండితే కిందిఏరికి, అది నిండితే ఇంకో దానికి. నెడుంగల్ ఆనకట్ట దగ్గర తెన్‌పెన్నై నీళ్లు మళ్లి మన బారూరు పెద్ద ఏరికి వస్తాయి, దాని కింద సుమారు 2,400 ఎకరాలు పారుతుంది. దానికి ఎగువన కృష్ణగిరి డ్యాము, 1957లో కామరాజు కాలంలో పూర్తయింది. 2017 నవంబరులో దాని గేటు ఒకటి తెగి, కళ్లముందే నీళ్లు ఏట్లో పోయాయి. అరవై ఏళ్ల ఇనుము. వాతావరణ మార్పుకు తట్టుకునే ఏర్పాట్లంటూ పెద్ద పెద్ద పత్రాలు వస్తుంటాయి. నన్నడిగితే వాటిలో మొదటి పేజీలో ఉండాల్సింది గేటుకు గ్రీజు, కాలువకు పూడిక, కలుజుకు అడ్డం లేకుండా చూడటం. అది ఎవరూ రిబ్బను కత్తిరించే పని కాదు, అందుకే జరగదు. ఇక ఎగువన హోసూరు కెలవరపల్లి జలాశయంలో తెల్లగా నురగ పొంగుతుంటే జనం ఫోటోలు తీసుకుంటారు. బెంగళూరు మురుగు అది. దాని గురించి మొదలుపెడితే ఇవాళ సభ ముగియదు.

ఇప్పుడు స్కూటరు. 2021లో ఓలావాళ్ల ఫ్యాక్టరీ ఇక్కడ 500 ఎకరాల్లో వచ్చింది. అదే ఏడు హోసూరులో ఏథర్‌వాళ్లది తెరిచారు, టీవీఎస్ అంతకుముందు నుంచే ఉండనే ఉంది. మన ఆడపిల్లలు పంచె కట్టిన నాన్నల పక్కన నిలబడి కంపెనీ బస్సు ఎక్కడం నేను చూశాను. నోటుబుక్కులో అలాంటి పిల్ల ప్రశ్న: “మేం చేసే బండితో లోకం చల్లబడుతుందా సార్? మా నాయన బొగ్గుతోనే గదా కరెంటు అంటాడు.”

నాయన చెప్పింది అబద్ధం కాదు. మన దేశపు కరెంటులో సుమారు నాలుగింట మూడొంతులు ఇప్పటికీ బొగ్గుదే. 2025లో బొగ్గూ గ్యాసూ కాని కరెంటు సామర్థ్యం సగానికి చేరిందని ప్రభుత్వం ప్రకటించింది, అదీ అబద్ధం కాదు. బస్సులో సీట్లెన్ని అన్నది ఒక లెక్క, ఎక్కినవాళ్లెందరు అన్నది ఇంకో లెక్క. ఎండ రాత్రి ఉండదు, గాలి అడిగినప్పుడు వీయదు, బొగ్గు రాత్రింబగళ్లు మండుతుంది.

అయినా పిల్ల ప్రశ్నకు లెక్క కట్టవచ్చు. పెట్రోలు స్కూటరు నూరు కిలోమీటర్లకు రెండు లీటర్ల పైచిలుకు తాగుతుంది. లీటరుకు 2.3 కిలోల బొగ్గుపులుసు గాలి, మొత్తం అయిదు కిలోలు. కరెంటు బండికి చార్జింగులో పోయేదీ కలుపుకుని మూడు, మూడున్నర యూనిట్లు. మన గ్రిడ్డులో యూనిట్టుకు ముప్పావు కిలో కంటే కాస్త తక్కువ. అంటే రెండున్నర కిలోల లోపు. బొగ్గు కరెంటుతో నడిచినా సగం. బ్యాటరీ చేయడానికీ, దాని లోహాలు ఎక్కడో గనుల్లో తవ్వడానికీ అయ్యేది వేరే ఉంది, అది కొన్నివేల కిలోమీటర్లు నడిచేసరికి తీరుతుంది. ఇంటిమీద సూర్యఫలకలుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి అమ్మా, లోకం చల్లబడదు, వేడెక్కడం నెమ్మదిస్తుంది, నీ బండి వంతు నూరు కిలోమీటర్లకు రెండున్నర కిలోలు. నీ తలమీద లోకమంతా మోపవద్దు.

నా సొంత అభిప్రాయం ఒకటి. 2021 నుంచి తమిళనాడులో టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో అదే పని చేశారు. దాన్ని ఓట్ల పథకమని కొందరు ఎగతాళి చేస్తారు. నిండిన బస్సులో నిలబడి వెళ్లే మనిషి వంతు ఏ కొత్త బండివాడి వంతుకంటే తక్కువ. ఆ లెక్క ఏ ప్రభుత్వమూ పెద్దగా చెప్పుకోలేదు, నాకు ఆశ్చర్యం.

నోటుబుక్కులో ఆఖరి ప్రశ్న రాసిన తేదీ 2025 వేసవి. బెంగళూరా, అదే తోతాపురి, మామిడి కిలో నాలుగైదు రూపాయలకు పడిపోయి కాయను రోడ్డుపక్క పారబోసిన కాలం. మన కాయకు చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు ఒక ఆసరా. ఆ జూన్‌లో చిత్తూరు జిల్లా అధికారులు బయటి రాష్ట్రాల తోతాపురిని రానివ్వలేదు. వాళ్ల రైతుకు కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు ఇవ్వాలని పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడేవాడి కాయను తెలుగుగడ్డ వాకిట్లో నిలబెట్టడం బాధే, వాళ్ల రైతు బాధా అబద్ధం కాదు. పూసిన ఏడాది ధర లేదు, ధర ఉన్న ఏడాది పూత లేదు. “మరి నష్టం ఎవరిస్తారు?” అని ప్రశ్న.

లోకం దీనికి ఏం చెప్పిందో చూద్దాం. 1992లో రియోలో దేశాలన్నీ కలిసి, బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ సమానం కాదు అని రాసుకున్నాయి. 2015లో పారిస్‌లో, వేడిని ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆపడానికి ప్రయత్నిద్దాం అన్నాయి. 2021లో గ్లాస్గోలో మన ప్రధాని 2070కి లెక్క సున్నా చేస్తాం అన్నారు. 2024లో బాకూలో ధనిక దేశాలు 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్లు సమకూరుస్తాం అన్నాయి. కావలసింది 1.3 ట్రిలియన్లని మిగతావాళ్లు అడుగుతున్నారు, మన ప్రతినిధి ఆ సభలోనే లేచి ఇది కంటికి కట్టిన కనికట్టు అన్నారు. 2025 జనవరిలో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి లేచిపోతున్నానంది. 2035, 2070. తోపు రైతుకు గడువు సంక్రాంతి.

నష్టానికని విడిగా ఒక నిధి ఉంది, 2022లో ఈజిప్టు సభలో ఒప్పుకున్నారు. దానికి ప్రపంచమంతా ఇస్తామని మాటిచ్చింది 70 కోట్ల డాలర్లకు కాస్త పైన. మన రూపాయల్లో ఆరువేల కోట్ల పైచిలుకు. ఫెంగల్ ఒక్కదానికి తమిళనాడు ముఖ్యమంత్రి తక్షణ సాయంగా అడిగింది రెండువేల కోట్లు. కేంద్రం విడుదల చేసింది 944 కోట్ల చిల్లర. ఇలాంటి తుపాన్లు మూడు వస్తే లోకం హుండీ ఖాళీ.

ఈ లెక్క దగ్గర అయివారు ఊరుకునేవారా? అమెరికావాడికి ఉత్తరం రాయండిరా అనేవారు. నవ్వకండి. పసిఫిక్‌లో వనువాటు అనే చిన్న ద్వీపదేశంలో 2019లో 27 మంది లా చదివే పిల్లలు దాదాపు ఇదే ప్రశ్న పట్టుకున్నారు: నష్టం ఎవరిస్తారు? అక్కడి ప్రభుత్వాన్ని కదిలించారు, అది ఐక్యరాజ్యసమితిని కదిలించింది. 2025 జులై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా పోవచ్చు అని. అది సలహా మాత్రమే, జప్తు నోటీసు కాదు. అయినా ఒక తరగతి గదిలో పుట్టిన ప్రశ్న.

అలాంటి ప్రశ్న వేసేవాళ్ల దగ్గర ముందు లెక్క ఉండాలి. మా ఏరి ఎన్నాళ్లకు నిండింది, పూత ఏ తేదీన వచ్చింది, ఎన్నిసార్లు మందు కొట్టాం, ఏ రాత్రి ఎంత పడింది. జిల్లాకంతా కొన్ని వానమాపకాలే ఉంటాయి. ఊత్తంగరైలో 503 పడినరోజు ఈ ఊరి ఒక్కో మూల ఎంత పడిందో చెప్పగలిగినవాళ్లు నాకు దొరకలేదు, వెతికాను. అయివారి డబ్బా అప్పటికే ఆయన మంచం కింద ఉంది.

ఆ డబ్బా వాళ్లమ్మాయి నాకిచ్చింది. తుప్పు గీకి, అడుగున మాట్లు వేయించి తెచ్చాను, ఆ తలుపు దగ్గర బల్లమీద ఉంది. పుల్ల పాతదే, గీతలు అరిగితే కొత్తవి కోశాను. ముంచేముందు పుల్ల పొడిగా ఉండాలి, తడి పుల్ల అబద్ధం చెప్తుంది. పొద్దున ఎనిమిదిన్నర. ఎవరింట్లో పెడదామో చెప్పండి, పిల్లల్లో ఎవరైనా సరే, చేయెత్తండి.